కత్తి తగిలినట్టే ఉంది, తగల్లేదట: ఎల్డర్ స్క్రోల్స్ పాత ఆటలూ కొత్త ఆటలూ ఎక్కడ వేరవుతాయి?

2025 ఏప్రిల్ 22న బెథెస్డా అనే ఆటల కంపెనీ ఒక పాత ఆటను కొత్త బట్టల్లో బయటికి తెచ్చింది. పేరు ఒబ్లివియన్ రీమాస్టర్డ్, ఎల్డర్ స్క్రోల్స్ అనే కంప్యూటర్ ఆటల సిరీస్‌లోది. ప్రకటించిన రోజే అమ్మకానికి పెట్టేశారు. 2006 నాటి ఆట మళ్ళీ చర్చలోకి వచ్చేసరికి ఇరవై ఏళ్ళుగా తెగని తగువు కూడా దాంతోపాటే లేచింది. "ఈ సిరీస్‌లో లోతంతా పాతవాటిలోనే ఉంది, కొత్తవి పిల్లకాయల ఆటలు" అని ఒక వర్గం. "పాతవి చేతకాని డిజైన్, దానికి లోతని పేరు పెట్టుకున్నారు" అని ఇంకో వర్గం. స్కైరిమ్‌తో మొదలుపెట్టి, సెలవుల్లో మారోవిండ్ ఇన్‌స్టాల్ చేసి, పది నిమిషాల్లో ఒక పీత చేతిలో చచ్చిపోయిన విశాఖ కుర్రాడికి ఈ రెండు మాటలూ సాయపడవు. అతనికి కావలసింది ఒక్కటే: ఆ పీత ఎందుకు చావలేదు?

అక్కణ్ణుంచే మొదలుపెడితే మిగతా తేడాలన్నీ దారానికి పూసల్లా వస్తాయి. దానికి ముందు రెండు మూడు మాటలకు అర్థం చెప్పుకోవాలి.

ఏది పాత, ఏది కొత్త

ప్రధాన సిరీస్‌లో ఇప్పటికి ఐదు ఆటలున్నాయి. అరీనా 1994లో, డాగర్‌ఫాల్ 1996లో, మారోవిండ్ 2002లో, ఒబ్లివియన్ 2006లో, స్కైరిమ్ 2011 నవంబరు 11న వచ్చాయి. 2014లో వచ్చిన ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ వేరే జాతి, దాన్ని ఇక్కడ కలపడం లేదు. ఆరో భాగం వస్తుందని 2018 జూన్‌లో ఒక చిన్న టీజర్ వదిలారు. అందులో కొండలు కనిపిస్తాయి, సంగీతం వినిపిస్తుంది, అంతే.

మొదటి రెండింటినీ ఇప్పుడు ఉచితంగానే దించుకోవచ్చు. డాగర్‌ఫాల్‌ను అభిమానులు యూనిటీ అనే ఇంజిన్ (ఆటను నడిపే సాఫ్ట్‌వేర్) మీదికి తెచ్చిన రూపం కూడా ఉంది. కానీ జనం "పాత, కొత్త" అని పోట్లాడుకునేది మారోవిండ్, ఒబ్లివియన్, స్కైరిమ్‌ల గురించే. ఈ వ్యాసమూ ఆ మూడింటి గురించే.

మాటల సంగతి. ఆట్రిబ్యూట్ అంటే మీ పాత్రకు ఒంట్లో ఉన్న గుణం: బలం, తెలివి, చురుకుదనం, ఓర్పు, అదృష్టం లాంటివి. స్కిల్ అంటే చేసి నేర్చుకునేది: కత్తి తిప్పడం, తాళం తీయడం, మందు కాయడం. ఈ సిరీస్ ప్రత్యేకత ఏమిటంటే ఏ పని చేస్తే ఆ స్కిల్లే పెరుగుతుంది. కత్తి వాడితే కత్తి, పరుగెత్తితే పరుగు. లెవెల్ అంటే ఈ పెరుగుదలంతా కలిసి వేసే మెట్టు. మారోవిండ్, ఒబ్లివియన్‌లలో ఈ మూడు ముక్కలూ ఉన్నాయి, స్కైరిమ్‌లో ఆట్రిబ్యూట్లు పోయి మిగతా రెండే మిగిలాయి. ఒకదానికొకటి ముడిపడిన తీరు మాత్రం ప్రతిసారీ మారింది.

పీత ఎందుకు చావలేదు: మారోవిండ్ లెక్క

మారోవిండ్‌లో మీరు ఓడ దిగేది సేడా నీన్ అనే చిన్న రేవులో. కస్టమ్స్ ఆఫీసులో కాగితాలు రాయించుకుని బయటికొస్తే చేతిలో ఒక ఇనప బాకు. ఊరి పొలిమేర దాకా పరుగెత్తి, బురదపీత కనబడగానే పొడుస్తారు. బాకు పీత డిప్పలోంచి దూరిపోయినట్టు కళ్ళముందు కనిపిస్తుంది. దెబ్బ మాత్రం పడదు. మళ్ళీ పొడిస్తే మళ్ళీ అంతే. చాలామంది ఇక్కడే ఆట మూసేసి "బగ్గు" అంటారు.

బగ్గు కాదు. మీరు బటన్ నొక్కితే పాత్ర పొడవడానికి ప్రయత్నిస్తుంది, తగలడమా లేదా అన్నది లోపల ఒక పాచిక తేలుస్తుంది. ఆ పాచిక వెనకున్న లెక్క ఇది: ఆయుధం స్కిల్, దానికి చురుకుదనంలో ఐదో వంతు, అదృష్టంలో పదో వంతు కలపాలి. వచ్చినదాన్ని దమ్ముతో గుణించాలి. దమ్మంటే తెర కింద కనిపించే ఆకుపచ్చ గీత. అది నిండుగా ఉంటే గుణకం 1.25, పూర్తిగా అయిపోతే 0.75. అందులోంచి ఎదుటివాడు తప్పించుకునే బలాన్ని తీసేయాలి. అదీ అతని చురుకుదనం, అదృష్టం, దమ్ములతోనే వస్తుంది.

అంకెలు వేసి చూద్దాం. పాత్ర తయారు చేసేటప్పుడు మీరు గొడ్డలిని ప్రధాన స్కిల్‌గా ఎంచుకున్నారు. కానీ చేతిలో ఉన్నది బాకు, దాని స్కిల్ చిన్న కత్తులు. ఎంచుకోని స్కిల్ 5 దగ్గర మొదలవుతుంది. చురుకుదనం 40, అదృష్టం 40 అనుకుంటే 5, 8, 4 కలిసి 17. దమ్ము నిండుగా ఉంటే 21.25. ఎదుటి జీవి చురుకుదనం 30, అదృష్టం 40 అనుకుందాం. 6, 4 కలిసి 10, దాని దమ్ము కూడా నిండుగానే ఉంది కాబట్టి 12.5. మిగిలింది సుమారు 9. అంటే వందకు తొమ్మిది దెబ్బలు తగులుతాయి.

ఇప్పుడు పరుగు సంగతి. మారోవిండ్‌లో పరుగెత్తితే దమ్ము కరిగిపోతుంది. ఆయాసపడుతూ వచ్చి పొడిస్తే 17ను 0.75తో గుణించాలి: 12.75. అందులోంచి 12.5 పోతే మిగిలేది పావు శాతం. నాలుగు వందల పోట్లకు ఒకటి! పీత బతకడంలో వింతేముంది?

అదే పాత్రకు చిన్న కత్తుల్ని ప్రధాన స్కిల్‌గా పెట్టి ఉంటే 30తో మొదలవుతుంది. జాతి వల్ల మరో 10, చాటు విద్య ఎంచుకున్నందుకు ఇంకో 5 కలిస్తే 45. అప్పుడు 57ను 1.25తో గుణిస్తే 71.25, అందులోంచి 12.5 పోతే దాదాపు 59 శాతం. అదే పీత, అదే బాకు. ఆటగాడి చేతివాటం వీసమంత మారలేదు. మారింది పాత్ర చేసే పేజీలో పెట్టిన టిక్కు, పరుగు మానేసి నడిచి రావడం.

ఇక్కడ రెండు వర్గాల మాటా నిజమే. పాత్ర చేతకానివాడైతే చేతకానితనం ప్రతి పోటులోనూ తెలియాలి, అప్పుడే అది పాత్ర పోషణ అవుతుందన్నది ఒక వాదన. ఆ లెక్కన యాభై గంటల తర్వాత అదే బాకుతో గురి తప్పకుండా పొడుస్తున్నప్పుడు ఎదుగుదల నిజంగా చేతికి తెలుస్తుంది. లెక్క మంచిదే కానీ దాన్ని చూపించే తీరు అన్యాయం అన్నది ఎదుటి వాదన. పీత పక్కకు తప్పుకున్నట్టు గానీ, బాకు జారినట్టు గానీ బొమ్మలో కనిపించదు. కాగితం మీద పాచికలాడేటప్పుడు "తప్పింది" అని పక్కనున్నవాడు చెబుతాడు. ఇక్కడ చెప్పేవాడు లేడు, కన్ను ఒకటి చూస్తుంది, ఆట ఇంకొకటి అంటుంది. నా మటుకు తప్పు లెక్కలో లేదు, బొమ్మలోనే ఉంది.

ఒబ్లివియన్ ఈ పాచికను తీసిపారేసింది. కత్తి తగిలితే తగిలినట్టే, స్కిల్ తక్కువైతే దెబ్బ చిన్నదవుతుంది. స్కైరిమ్‌దీ అదే దారి.

సంపత్ వినాయకుడి గుడి దాటి రండి

కొత్తవాళ్ళకు మనవాళ్ళు అడ్రస్ ఎలా చెబుతారు? "కాంప్లెక్స్ దగ్గర దిగి, అసీల్‌మెట్ట మీదుగా సంపత్ వినాయకుడి గుడి దాటి సిరిపురం జంక్షన్‌కి రండి, అక్కడ ఎవర్నడిగినా చెబుతారు." మారోవిండ్ నడిచేది ఇలాగే. మొదటి పని బాల్మోరా అనే ఊళ్ళో కేయస్ కొసాడిస్ అనే మనిషికి ఒక కట్ట అప్పగించడం. అతని ఇల్లెక్కడో మ్యాప్‌లో గుర్తు ఉండదు. సౌత్‌వాల్ అనే సారాకొట్టులో అడగమని చెబుతారు. అంతే. మీరు ఊరు చేరాలి, సారాకొట్టు వెతకాలి, అడగాలి.

ఊరు చేరడానికి సిల్ట్ స్ట్రైడర్ ఎక్కచ్చు. అదొక మిద్దెంత పురుగు, ఊళ్ళ మధ్య సిటీ బస్సులా తిరుగుతుంది. బస్సులాగే దానికీ రూట్లున్నాయి, అన్ని ఊళ్ళకూ పోదు. కొన్నిచోట్లకు పడవ, కొన్నింటికి మాంత్రికుల సంఘంవాళ్ళ మంత్రం. ఎక్కడ దిగి ఎక్కడ మారాలో మీకే తెలియాలి. మద్దిలపాలెంలో దిగి ఏ బస్సు పట్టుకోవాలో తెలిసినవాడికి ఊరు తెలిసినట్టు, ఇది ఆడినవాడికి ఆ దీవి తెలుస్తుంది.

ఒబ్లివియన్ నుంచి తెర మీద దిక్సూచి, దాని మీద బాణం గుర్తు వచ్చాయి. మ్యాప్ మీద పెద్ద ఊరిని నొక్కితే అక్కడ తేలతారు. ఫోన్‌లో నీలం చుక్క వెంట నడిచినట్టే. సుఖమే, కాదనేదేముంది? పాత పద్ధతిలో దారి చెప్పినవాడు పొరపాటు చెబితే గంట సేపు కొండల్లో తిరగాలి, మారోవిండ్‌లో అలాంటి తప్పు దారులు నిజంగానే కొన్ని ఉన్నాయి. తొలి రోజుల్లోనే ఒక పాడుబడ్డ కోటలోంచి చిన్న ఘనాకారపు పెట్టె తెమ్మంటారు. కోట తలుపు తెరవాలంటే ఎదురుగా ఉన్న గొట్టం మీది మర తిప్పాలి. లోపల ఆ పెట్టె చీకట్లో అరమీద గిన్నెల మధ్య గిన్నెలా ఉంటుంది. దాన్ని వెతకలేక వదిలేసినవాళ్ళు లెక్కలేనంతమంది.

"బాణం ఇష్టం లేకపోతే ఆపేసుకోవచ్చు కదా" అని కొత్త ఆటల అభిమానులంటారు. చిక్కు అక్కడే. స్కైరిమ్‌లో చాలా పనులకు దారి ఎవరూ నోటితో చెప్పరు, డైరీలోనూ రాయరు. "ఫలానా గుహకు వెళ్ళి ఫలానాది తీసుకురా" అని ఊరుకుంటారు. బాణం ఆపేస్తే ఆట కష్టమవదు, ఆడడానికే వీల్లేకుండా పోతుంది. బాణం ఉంటుందన్న ధీమాతోనే ఆ మాటలు రాశారు. గొంతులు కూడా ఒక కారణం. మారోవిండ్‌లో సంభాషణ చాలావరకు అక్షరాల్లోనే ఉంటుంది కాబట్టి పేరాలకు పేరాలు రాయగలిగారు. ఒబ్లివియన్‌లో ప్రతి మాటా నటులు పలకాలి. పాట్రిక్ స్టీవర్ట్, షాన్ బీన్ లాంటివాళ్ళు పలికారు కూడా. పలికించే ప్రతి వాక్యానికీ ఖర్చుంటుంది, డిస్కులో చోటు కావాలి. "ఎడమ పక్క బండ దాటాక రెండో వాగు దగ్గర" లాంటివి మొదట కత్తెరకు బలయ్యేవి.

వంద నాణేల కోసం వేల విలువైన కవచం

ఈ మూడింటిలో ఎక్కువమందిని తికమక పెట్టేది ఒబ్లివియన్ లెవెల్ పద్ధతి. కొంచెం నిదానంగా చూద్దాం.

ఇందులో 21 స్కిల్స్. వాటిలో ఏడింటిని ప్రధానమైనవిగా ఎంచుకోవాలి. ఆ ఏడింటిలో ఏవైనా కలిసి పది సార్లు పెరిగాక నిద్రపోతే లెవెల్ వస్తుంది. అప్పుడు మూడు ఆట్రిబ్యూట్లు పెంచుకోవచ్చు. ఎంత పెరుగుతుందన్నది ఆ లెవెల్లో మీరు చేసిన పనిని బట్టి ఉంటుంది. ఒక ఆట్రిబ్యూట్‌కు చెందిన స్కిల్స్ ఒక్కసారీ పెరగకపోతే 1, ఒకటి నుంచి నాలుగు సార్లయితే 2, ఐదు నుంచి ఏడయితే 3, ఎనిమిది, తొమ్మిదయితే 4, పది గానీ అంతకు మించి గానీ అయితే 5. మారోవిండ్‌లోనూ దాదాపు ఇదే పట్టిక. తేడా ఏమిటంటే, ఒబ్లివియన్‌లో మీ లెవెల్ పెరిగితే శత్రువులూ పెరుగుతారు. దీన్నే లెవెల్ స్కేలింగ్ అంటారు.

ఒక కొత్త ఆటగాడు మందులు కాయడం, పరుగు, బేరం, మాటకారితనం, గెంతడం, తాళాలు, చాటుగా నడవడం ఎంచుకున్నాడనుకోండి. ఊళ్ళో తిరుగుతూ మందులు కాచాడు, సరుకులమ్మాడు. మందులు ఆరు సార్లు, పరుగు రెండు, బేరం రెండు పెరిగాయి. పది అయింది, నిద్రపోయాడు. తెలివికి 3, వేగానికి 2, మాటతీరుకు 2. బలానికి గానీ ఓర్పుకు గానీ ఏమీ లేదు. ప్రాణశక్తి ప్రతి లెవెల్‌కూ ఓర్పులో పదో వంతే పెరుగుతుంది, ఓర్పు 40 అయితే 4. ఇలా పది లెవెల్స్ ఎక్కి కోటలోకి దిగితే అక్కడి గాబ్లిన్ మాత్రం పదో లెవెల్ యోధుడి కోసం తయారై కూర్చుంది. ఇతను పదో లెవెల్ మందుల కొట్టువాడు.

ఆట లెవెల్‌ను లెక్కపెడుతుంది, అది దేనివల్ల వచ్చిందో పట్టించుకోదు. తెలిసినవాళ్ళు దీనికి విరుగుడుగా నోటుపుస్తకం పక్కన పెట్టుకుని, ఎంచుకోని స్కిల్స్‌ను ముందు పెంచి, ప్రతి లెవెల్‌కూ మూడు ఐదులు వచ్చేలా ఆడేవారు. ఇంకొందరు అసలు నిద్రే పోకుండా ఒకటో రెండో లెవెల్ దగ్గరే ఆగి కథంతా ముగించేవారు. ఎదగకపోవడమే గెలిచే దారి అయిన ఆట ఇది!

ఇంకో వింత. లెవెల్ బాగా పెరిగాక రోడ్డు మీద దారిదోపిడి దొంగ ఆపుతాడు. ఒంటి మీద పచ్చగా మెరిసే గాజు కవచం, దాని విలువ వేల నాణేలు. అడిగేది మాత్రం వంద. ఆ కవచం అమ్ముకుంటే ఈ ఎండలో రోడ్డు మీద నిలబడే ఖర్మేమిటి?

దీని తరఫున చెప్పాల్సిందీ ఉంది. మీరు ఏ దిక్కుకు పోయినా వెంటనే చావరు, అలాగని విసుగూ రాదు. మారోవిండ్‌లో శత్రువుల బలం చాలాచోట్ల ముందే రాసిపెట్టి ఉంటుంది. తెలియక పెద్ద గుహలో అడుగుపెడితే రెండు క్షణాల్లో సరి, ముప్పయ్యో లెవెల్లో చిన్న గుహకు పోతే ఊదితే ఎగిరిపోతారు. స్వేచ్ఛ పేరుతో రెండిటిలోనూ ఏదో ఒకటి తాకట్టు పెట్టారు.

స్కైరిమ్ ముడి విప్పిన తీరు

స్కైరిమ్ ఎనిమిది ఆట్రిబ్యూట్లనూ తీసేసింది. ప్రాణం, మంత్రశక్తి, దమ్ము మాత్రం మిగిలాయి, లెవెల్‌కు ఒకదానికి 10 కలుపుకోవచ్చు. స్కిల్స్ 18. మారోవిండ్‌లో 27, ఒబ్లివియన్‌లో 21 అని గుర్తుంచుకుంటే "తొమ్మిదేళ్ళలో మూడో వంతు కోసేశారు" అన్న గోల ఎక్కడిదో అర్థమవుతుంది. ఈటె ఒబ్లివియన్ నాటికే పోయింది. గాల్లో తేలే మంత్రమూ అప్పుడే పోయింది, ఎందుకంటే ఊళ్ళను ప్రహరీ లోపల వేరే తెరగా లోడ్ చేయడం మొదలుపెట్టారు. ఎగిరి గోడ దాటితే అవతల ఊరే ఉండదు మరి. సొంతంగా మంత్రం తయారు చేసుకునే సదుపాయం స్కైరిమ్‌లో పోయింది.

కానీ పోయినవాటిని లెక్కపెట్టేవాళ్ళు లెవెల్ లెక్కలో జరిగిన మంచి మార్పును చూడరు. స్కైరిమ్‌లో ఒక స్కిల్ ఏ అంకెకు చేరితే అన్ని పాయింట్లు లెవెల్ ఖాతాలో పడతాయి. తర్వాతి లెవెల్‌కు కావలసింది, ఇప్పటి లెవెల్‌ను 25తో గుణించి 75 కలిపినంత. ఒకటో లెవెల్లో 100, ఇరవై ఐదో లెవెల్లో 700.

ఒక స్కిల్‌ను 15 నుంచి 20కి తెస్తే 16, 17, 18, 19, 20 కలిసి 90 పాయింట్లు. ఆట మొదట్లో అది దాదాపు ఒక లెవెల్. ఇరవై ఐదో లెవెల్లో అదే పని చేస్తే దాదాపు ఎనిమిదో వంతే వస్తుంది. అంటే కత్తివీరుడు సరదాగా కాసేపు మందులు కాచినంత మాత్రాన శత్రువులు ఎగిరి మీద పడరు. ఒబ్లివియన్ ఉచ్చును నోటుపుస్తకం లేకుండానే చాలావరకు విప్పేశారు. పైగా చాలా గుహలకు కనీస, గరిష్ఠ లెవెల్స్ పెట్టారు కాబట్టి లోకమంతా మీతో సమానంగా పెరగదు. మొదటి గంటలోనే రాక్షసుడి గదతో ఆకాశానికి ఎగిరినవాళ్ళకు ఇది అనుభవమే.

పాత ఉచ్చు పూర్తిగా పోలేదు. కమ్మరి పని, మంత్రాలు పొదగడం రెండింటినీ ఊళ్ళో కూర్చునే వందకు తీసుకెళ్ళి, కత్తి పట్టడం రాకుండా దాదాపు ఇరవై ఐదో లెవెల్ దాకా ఎక్కచ్చు. అప్పుడు మళ్ళీ ఆ మందుల కొట్టువాడి కథే.

విస్తీర్ణం గురించి ఒక్క మాట. ఒబ్లివియన్ లోకం 16 చదరపు మైళ్ళని బెథెస్డా చెప్పింది, అంటే 41 చదరపు కిలోమీటర్లు. విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పరిధి 680 దాటుతుంది కాబట్టి ఆ సామ్రాజ్యం మొత్తం మన ఊరి ఓ మూలన సర్దుకుంటుంది. మారోవిండ్ దీవి అంతకంటే చిన్నది. అయినా పెద్దదనిపించడానికి కారణం నడక నెమ్మది, దూరం కనబడనివ్వని పొగమంచు.

రీమాస్టర్ పాతదా, కొత్తదా

కంటికి కనిపించేదంతా అన్‌రియల్ ఇంజిన్ 5 గీస్తుంది. వస్తువు ఎక్కడుంది, దెబ్బ ఎంత, ఎవరు ఏ వేళకు నిద్రపోతారు అన్నవి లోపల 2006 నాటి ఇంజిన్ నడిపిస్తుంది. వర్చుయోస్ అనే స్టూడియోతో కలిసి చేశారు. స్కైరిమ్‌లోలా దౌడు తీసే సౌకర్యం వచ్చింది. లెవెల్ లెక్క మధ్యేమార్గం: ప్రధానం కాని స్కిల్స్ కూడా లెవెల్‌కు తోడ్పడతాయి, లెవెల్‌కు 12 పాయింట్లిచ్చి మూడు ఆట్రిబ్యూట్లకు పంచుకోమంటారు, ఒక్కోదానికి ఐదుకు మించకూడదు. అదృష్టం పెంచాలంటే మాత్రం ఒక్క అంకెకు నాలుగు పాయింట్లు పోతాయి. మందులు కాచినా బలం పెంచుకోవచ్చు. నోటుపుస్తకం అవసరం తీరింది.

ఆ సౌఖ్యానికి ధర కంప్యూటర్ చెల్లించాలి. కనీసం 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1070 టీఐ స్థాయి గ్రాఫిక్స్ కార్డు, 125 జీబీ డిస్కు చోటు అడుగుతుంది. మారోవిండ్‌కు 1 జీబీ చోటు చాలు. స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్‌కు 12. రీమాస్టర్ 125 జీబీ దించడానికి 100 ఎంబీపీఎస్ ఫైబర్ పూర్తి వేగంతో వచ్చినా మూడు గంటలకు కాస్త తక్కువ పడుతుంది, 40 ఎంబీపీఎస్ అయితే ఏడు గంటలు. రోజుకు 2 జీబీ మొబైల్ డేటాతో అయితే రెండు నెలలు. మే నెలలో, సముద్రపు ఉక్కపోతలో, ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్ మీద నడిపితే వేడికి ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఆట కుదుపులిస్తుంది. దానికి ఆటను తిట్టి లాభం లేదు.

పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళకు మారోవిండే నయం, అదీ ఓపెన్‌ఎండబ్ల్యూ మీద. ఇది అభిమానులు కొత్తగా రాసిన ఇంజిన్, ఉచితం. కానీ అసలు ఆట ఫైళ్ళు మీ దగ్గర ఉండాలి. స్కైరిమ్‌తో వచ్చే చిక్కులు వేరు. 2011 నాటి అసలు రూపంలో భౌతిక లెక్కలు సెకనుకు 60 ఫ్రేములకు ముడిపడి ఉన్నాయి. 144 హెర్ట్జ్ మానిటర్ మీద హద్దు తీసేసి ఆడితే మొదటి సీన్‌లోనే గుర్రబ్బండి గంతులేస్తుంది, బల్ల మీది గిన్నెలు వాటంతటవే ఎగిరిపడతాయి. మాడ్స్ (అభిమానులు ఆటకు చేర్చే మార్పులు) వాడేవాళ్ళకు ఇంకో తలనొప్పి: స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ అనే సాయం ప్రోగ్రాం ఆట వెర్షన్‌తో అంకెకు అంకె సరిపోవాలి. ఆటలమ్మే స్టీమ్ రాత్రికి రాత్రి ఆటను అప్‌డేట్ చేస్తే పొద్దున్న మాడ్స్ లేవవు. 2021 నవంబరులో, మళ్ళీ 2023 డిసెంబరులో ఇదే జరిగింది.

ఇక రీమాస్టర్‌లో ఎవరూ కదిలించని పాత ముక్క ఒకటుంది: శత్రువులు మీతోపాటు పెరిగే లెక్క. ఆకుల మీద ఎండ పడే తీరు మారింది, మొహాలు మారాయి, గొంతులు చేరాయి. లెవెల్ పెరిగేకొద్దీ రోడ్డు మీది దొంగల ఒంటి మీద కవచాలు మాత్రం ఇప్పటికీ ఖరీదెక్కుతూనే ఉంటాయి.